పరిచర్య, హక్కు, నిరాకరణ: ప్రాథమిక పాఠశాలకు క్రైస్తవ సంఘం చేసే సేవపై ఒక నైతిక పరిశీలన (అమ్రాబాద్ ప్రాంతం నేపథ్యంగా)

ప్రస్తావన

తెలుగులో 'ధర్మం' అనే మాటకు పరస్పర భిన్నమైన రెండు ప్రయోగాలున్నాయి. 'రాజధర్మం', 'పుత్రధర్మం' వంటి సమాసాలలో అది తప్పక నిర్వర్తించవలసిన విధి. యాచకుడు 'ధర్మం చేయండి' అన్నప్పుడు అదే మాట ఇచ్చేవాని దయకు పేరవుతుంది. మొదటి అర్థంలో ధర్మం తప్పడం దోషం. రెండవ అర్థంలో ధర్మం చేయడం పుణ్యం. ప్రజల పన్నులతో నడిచే ప్రభుత్వ వైద్యశాలను జనవ్యవహారం 'ధర్మాసుపత్రి' అని పిలవడంలో ఈ రెండర్థాలు కలగాపులగమయ్యాయి. పౌరునికి రావలసినది పౌరునికి దొరికిన దయగా మారిపోయింది. ప్రభుత్వ పాఠశాలకు మాత్రం ఆ పేరు అంటలేదు. అది 'సర్కారు బడి'. బాధ్యత ఎవరిదో ఆ పేరే చెబుతుంది.

ఆ సర్కారు బడికి సమీపంలోని క్రైస్తవ సంఘం సాయంగా వచ్చినప్పుడు ఏ నైతిక ప్రశ్నలు తలెత్తుతాయన్నది ఈ వ్యాసంలో విచారణాంశం. సాయం అంటే గోడలకు సున్నం వేయడం, నోటు పుస్తకాలు ఇవ్వడం, చదువులో వెనుకబడిన పిల్లల పక్కన కూర్చుని వాచకం చదివించడం వంటి పనులు. క్రైస్తవ తెలుగులో దీనికి 'పరిచర్య' అని పేరు. ఆ సేవ మంచిదా, చెడ్డదా అని అడిగితే తేలికైన సమాధానమే వస్తుంది. సేవ పొందుతున్న పిల్లవాడు, అతని తల్లిదండ్రులు దానిని ఏ స్థితిలో పొందుతున్నారన్నది అసలు ప్రశ్న.

ప్రాంతం, చరిత్ర

అమ్రాబాద్ మండలం 2016 అక్టోబరు జిల్లాల పునర్విభజనకు ముందు మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండేది. నేడు నాగర్‌కర్నూల్ జిల్లాలో ఉంది. నల్లమల పీఠభూమిపై ఉన్న ఈ ప్రాంతం చెంచుల నివాసభూమి. అడవిలోని వారి ఆవాసాలను 'పెంటలు' అంటారు. క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ 1940 ప్రాంతంలో ఇక్కడ క్షేత్రపరిశోధన చేసి, 1943లో చెంచులపై సమగ్ర గ్రంథాన్ని ప్రచురించాడు. ప్రభుత్వం చెంచులను ఆదిమ గిరిజన సమూహంగా గుర్తించింది. వారి అభివృద్ధికి మన్ననూరు కేంద్రంగా సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ ఏర్పడింది. పెంట నుంచి బడికి వచ్చే చెంచు బాలునికి తెలుగు మాతృభాషే అయినా వాచకంలోని తెలుగు అతని ఇంటి తెలుగు కాదు. చదువు వెనుకబాటుకు మొదటి మెట్టు ఈ దూరమే.

పాలమూరు మైదానానికి మిషనరీ విద్యతో శతాబ్దానికి పైబడిన పరిచయం ఉంది. అమెరికన్ మెన్నోనైట్ బ్రెదరెన్ సంఘం తన తొలి మిషనరీలను 1899లో హైదరాబాద్ సంస్థానానికి పంపింది. ఇరవయ్యో శతాబ్ది తొలి దశకంలో నాగర్‌కర్నూల్‌లోను, ఆ తరువాత వనపర్తి, కల్వకుర్తి తదితర స్థలాలలోను మిషన్ కేంద్రాలు వెలిశాయి. అమెరికన్ బాప్టిస్టుల ఆధీనంలో ఉన్న మహబూబ్‌నగర్, గద్వాల కేంద్రాలు 1937లో ఈ మిషన్‌కు సంక్రమించాయి. గ్రామాలలో చిన్న బడులు, కేంద్రాలలో వసతి పాఠశాలలు, జడ్చర్లలో వైద్యశాల ఈ కృషిలో భాగాలు. సంఘసభ్యులలో అధికులు మాదిగ, మాల కుటుంబాలవారు. గ్రామపు బడి గడప తొక్కనివ్వని కాలంలో వారికి అక్షరం దొరికిన చోటు మిషన్ బడి.

చరిత్ర తరువాత దిశ మార్చుకుంది. పాఠశాల విద్య క్రమంగా ప్రభుత్వ బాధ్యతగా స్థిరపడింది. 2002లో 86వ రాజ్యాంగ సవరణ ద్వారా 21-ఎ అధికరణం వచ్చింది. 2009 నాటి విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. ఆరు నుంచి పద్నాలుగేళ్ల వయసు పిల్లలకు చదువు నేడు ఎవరి ధర్మమూ కాదు. అది వారి హక్కు. బడి యజమానిగా కాక, బడికి పొరుగువాడిగా మాత్రమే క్రైస్తవ సంఘం నేడు అక్కడికి రాగలదు. ఈ స్థానభ్రంశమే ప్రస్తుత ప్రశ్నకు మూలం. సొంత బడిలో మిషన్ తన నియమాలు తాను పెట్టుకున్నది. సర్కారు బడిలో సంఘం అతిథి.

దానం, ఋణం, హక్కు

దానాన్ని గురించిన ఆలోచన అన్ని సంప్రదాయాలలోను ఒక అనుమానంతోనే సాగింది. భగవద్గీత పదిహేడవ అధ్యాయం దానాన్ని మూడు విధాలుగా విభజించి, ప్రత్యుపకారం చేయలేనివానికి దేశకాలపాత్రలెరిగి ఇచ్చినదాన్ని సాత్త్వికమన్నది. ఫలాపేక్షతో ఇచ్చినదాన్ని రాజసమన్నది. అవమానపరుస్తూ ఇచ్చినదాన్ని తామసమన్నది. మత్తయి సువార్త ఆరవ అధ్యాయం కుడిచేతి దానం ఎడమచేతికి తెలియరాదన్న భావాన్ని బోధిస్తుంది. ఇచ్చేవాని అహంకారం పుచ్చుకునేవాని గౌరవాన్ని హరిస్తుందన్న భయం రెండింటిలోను ఉంది.

ఫ్రెంచి సామాజికశాస్త్రవేత్త మార్సెల్ మోస్ 1925లో ప్రకటించిన దానవ్యాసంలో ఈ భయానికి సామాజిక కారణం చూపాడు. ఉచితంగా ఇచ్చినట్లు కనిపించే ప్రతి వస్తువూ పుచ్చుకున్నవానిపై తిరిగి ఇవ్వవలసిన భారాన్ని మోపుతుంది. తిరిగి ఇవ్వలేనివాడు తక్కువవాడవుతాడు. తెలుగులో 'ఋణపడి ఉన్నాను' అనే కృతజ్ఞతావాక్యం ఈ సత్యాన్నే పలుకుతున్నది. వస్తురూపంలో తీర్చలేని ఋణాన్ని మనిషి విధేయత రూపంలో తీర్చుకుంటాడు. పిల్లవాని చదువుకు సాయపడిన సంఘం ఏమీ అడగకపోయినా, ఆదివారం ప్రార్థనకు వెళ్లకపోతే బాగుండదేమోనన్న సంకోచం తల్లి మనసులో పుట్టవచ్చు. అడగకుండానే పుట్టే ఈ సంకోచం పట్టించుకోవలసిన నైతిక విషయం. అక్కడ దాత ఉద్దేశం నిర్మలమైనా సంబంధం నిర్మలం కాలేదు.

ఇమాన్యుయేల్ కాంట్ 1797 నాటి నీతిగ్రంథంలో మరొక మెట్టు ఎక్కాడు. దాత తన ఉపకారాన్ని తాను తీర్చవలసిన బాధ్యతగా భావించి, పుచ్చుకునేవాడు చిన్నబోకుండా చూడాలన్నాడు. పాలకుల అన్యాయం వల్ల ఏర్పడిన అసమానత మూలంగానే కొందరికి ఇచ్చే శక్తి, కొందరికి పుచ్చుకునే అవసరం కలిగితే, ఆ ఇవ్వడాన్ని ఉపకారమనవచ్చునా అని కూడా ప్రశ్నించాడు. చెంచు బాలుని విషయంలో ఈ ప్రశ్న వాడిగా తగులుతుంది. అతనికి రావలసినది చట్టప్రకారం రాకపోవడం వల్లనే సంఘం చేయూతకు చోటు ఏర్పడింది. దక్కవలసిన దానిలో లోటును పూరించడం ఎంత అవసరమైనా, దానికి కృతజ్ఞతను రాబట్టుకోవడం న్యాయం కాదు.

ఈ విషయంలో భారతీయానుభవం అందించే ఉదాహరణ హరిజన సేవక సంఘం. 1932లో ఏర్పడిన ఆ సంస్థ నిర్వహణలో అస్పృశ్యులకు తగిన స్థానం ఉండాలని అంబేద్కర్ వాదించాడు. గాంధీ దానిని సవర్ణుల ప్రాయశ్చిత్తంగా భావించాడు కనుక దాని భారం సవర్ణులే మోయాలన్న వైఖరి బలపడింది. దయ ద్వారా అస్పృశ్యుల స్వతంత్ర ఉద్యమాన్ని నిర్వీర్యం చేసే ప్రయత్నంగా అంబేద్కర్ 1945 నాటి గ్రంథంలో దానిని విమర్శించాడు. సేవ చేసేవాని ఆత్మశుద్ధి ప్రధానమైనప్పుడు, సేవ పొందేవాడు ఆ శుద్ధికి సాధనమవుతాడు. పరిచర్యను ప్రభువుకు అర్పించే ఆరాధనగా భావించే సంఘానికీ ఈ ప్రమాదం ఉంది. ఆరాధన దేవునికి చెందుతుంది. చదువు మాత్రం పిల్లవానికి చెందాలి.

నిరాకరించగల స్వేచ్ఛ

పై చర్చ ఒక ప్రమాణం వైపు దారితీస్తున్నది. సాయం స్వీకరించినవాడు స్వేచ్ఛగా స్వీకరించాడా అన్నది తేల్చడం కష్టం. అవసరంలో ఉన్నవాని అంగీకారం ఎప్పుడూ అనుమానాస్పదమే. నిరాకరించినవానికి ఏమి జరిగిందన్నది తేల్చడం అంత కష్టం కాదు. సంఘం వారి సాయంత్రపు తరగతికి తన బిడ్డను పంపనన్న తండ్రికి, మరునాడు బడిలో ఏ తేడా కనిపించకపోతే ఆ సేవ పరీక్షకు నిలిచినట్లే. నోటు పుస్తకాల వరుసలో ఆ పిల్లవాని పేరు చివరికి జరిగినా, ఉపాధ్యాయుని చూపు మారినా పరీక్షలో తప్పినట్లే.

తెలుగు నేలపై ఈ ప్రమాణానికి చారిత్రక నిదర్శనం ఉంది. 1876–78 నాటి మహాకరవు కాలంలో ఒంగోలులోని అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో ఒక భాగాన్ని గుత్తకు తీసుకొని కరవు బాధితులకు కూలిపని కల్పించాడు. కరవు సహాయం సాగినంతకాలం బాప్తిస్మాలు ఇవ్వడం నిలిపివేశాడు. అన్నం కోసం మతం మారారన్న మాట రాకూడదన్నది అందులోని ఆంతర్యం. సహాయం ముగిసిన తరువాత 1878 జూలై 3న ఒక్కరోజునే 2,222 మంది బాప్తిస్మం పొందారు. కరవునాటి ఉపకారస్మృతి వారి నిర్ణయంలో ఎంత, సమానగౌరవం కోసం ఆరాటం ఎంత, విశ్వాసం ఎంత అన్నది చరిత్రకారుల చర్చ. ఆ చర్చ ఎటు తేలినా, అన్నానికీ విశ్వాసానికీ నడుమ గోడ కట్టవలసిన బాధ్యత అన్నం పెట్టేవానిదేనని క్లౌ గుర్తించడం గమనార్హం. నిలిపివేత కూడా ఋణభావాన్ని పూర్తిగా తుడిచివేయలేదన్నది ఆ సంఘటన నేర్పే రెండవ పాఠం.

పాలమూరు సంఘాలకు ఈ నియమం బయటినుంచి రానవసరం లేదు. మెన్నోనైట్ సంప్రదాయం పదహారవ శతాబ్ది ఐరోపాలోని అనాబాప్టిస్టు ఉద్యమం నుంచి పుట్టింది. మెన్నో సైమన్స్ (1496–1561) పేరున ప్రసిద్ధమైంది. శిశువులకు బాప్తిస్మం ఇవ్వరాదన్నది ఆ ఉద్యమపు మౌలిక సిద్ధాంతం. విశ్వాసం తెలిసి, స్వయంగా నిర్ణయించుకొని ఒప్పుకోవలసినదే కాని పుట్టుకతోనో, ప్రభుత్వాజ్ఞతోనో, పెద్దల ఒత్తిడితోనో సంక్రమించేది కాదని వారు నమ్మారు. ఆ నమ్మకం కోసం హింసలు భరించారు. తమ బిడ్డ నోటనే అకాల విశ్వాసప్రకటనను అంగీకరించని సంప్రదాయం, పొరుగింటి చెంచు బిడ్డ ఆకలిని, అక్షరదాహాన్ని విశ్వాసానికి ద్వారంగా వాడుకోవడం ఆత్మవిరుద్ధం. బడిలో మౌనం పాటించడం ఆ సంఘానికి విశ్వాసంతో రాజీ కాదు. తన సిద్ధాంతానికి నిబద్ధత.

భారత రాజ్యాంగం 28వ అధికరణం ఈ నైతిక నియమానికి చట్టరూపం. పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థలో మతబోధ నిషిద్ధం. అమెరికాలోనూ ఇటువంటి హద్దు ఉంది. మిషిగన్ రాష్ట్రంలో 1995లో ఆరంభమైన కిడ్స్ హోప్ యు.ఎస్.ఎ. అనే కార్యక్రమం ఒక్కొక్క సంఘాన్ని ఒక్కొక్క ప్రాథమిక పాఠశాలతో జతపరుస్తుంది. సంఘసభ్యుడు వారానికి ఒక గంట ఒకే పిల్లవానితో గడుపుతాడు. బడిలో మతబోధ ఉండదు. ఆ పిల్లవాని కోసం ప్రార్థించే సభ్యుడు బడికి రాడు. ప్రార్థన ఉంటుంది, అది బడి వెలుపల ఉంటుంది. ప్రేరణకు అడ్డులేదు, బోధకు హద్దుంది అన్న విభజన ఆచరణసాధ్యమని ఈ ఏర్పాటు తెలుపుతున్నది.

ఆక్షేపణలు

ఈ వాదంపై మూడు ఆక్షేపణలు రాదగినవి. మొదటిది విశ్వాసి నుంచి వస్తుంది. సేవను, సేవకు మూలమైన విశ్వాసాన్ని వేరుచేయమనడం చెట్టును వేరునుంచి విడదీయమనడం కాదా అని అతడు అడుగుతాడు. సంఘం తన పేరు దాచుకోనవసరం లేదు, 'మీరెవరు?' అని తల్లి అడిగితే సంఘసభ్యుడు నిజం చెప్పాలి. దాచడమే అనుమానానికి బీజం. అడిగిన తల్లికి చెప్పడం వేరు, అడగలేని పిల్లవానికి నూరిపోయడం వేరు. పెద్దవాడు విని తోసిపుచ్చగలడు. ఏడేళ్ల పిల్లవానికి తనకు అక్షరం నేర్పిన మనిషి మాటలో వేటిని నమ్మాలి, వేటిని నమ్మకూడదు అన్న వివేచన ఉండదు.

రెండవది ఆచరణవాది నుంచి వస్తుంది. మూడవ తరగతి పిల్లవాడు చదవలేకపోతున్నాడు. తాత్త్వికులు దానమీమాంస ముగించేలోగా అతడు బడి మానేస్తాడు. ఈ ఆక్షేపణ బలమైనది. బాల్యం వాయిదాకు లొంగదు. ప్రభుత్వం మేల్కొనేవరకు పొరుగువారు చేతులు ముడుచుకొని కూర్చోవడం నీతి కాదు. అత్యవసరం సాయానికి సమర్థనే కాని, షరతులకు సమర్థన కాదు. అవసరం ఎంత తీవ్రమైతే నిరాకరించే శక్తి అంత తగ్గుతుంది. కనుక సాయం చేసేవాని నిగ్రహం అంతగా పెరగాలి.

మూడవది న్యాయసంబంధమైనది. ఈ అనుమానమంతా క్రైస్తవ సంఘంపైనే ఎందుకు? ప్రభుత్వ పాఠశాలలో సరస్వతీపూజ జరిగినప్పుడు, ఉత్సవ సమితి పుస్తకాలు పంచినప్పుడు, వ్యాపారసంస్థ తన ముద్రతో సంచులు ఇచ్చినప్పుడు, రాజకీయనాయకుని బొమ్మ పలకలపై కనిపించినప్పుడు ఇదే పరీక్ష వర్తిస్తుందా? వర్తించి తీరాలి. ఒక మతానికే వర్తించే నియమం నియమం కాదు, పక్షపాతం. చెంచు కుటుంబాలు లింగమయ్యను, మైసమ్మను కొలుస్తాయి. సలేశ్వరం జాతర వారి సంవత్సరచక్రంలో భాగం. ఆ ఆరాధన అడవితో వారి సంబంధానికి భాష. వసతి గృహంలో ఆ పిల్లవానికి నేర్పే భక్తిగీతం ఏ మతానిదైనా, అది అతని ఇంటి దైవాన్ని చిన్నబుచ్చితే నష్టం ఒకటే. పరీక్ష ఇచ్చేవాని మతాన్ని చూడదు. పుచ్చుకునేవాని స్వేచ్ఛను చూస్తుంది.

రాజ్యబాధ్యత, 'వలంటీరు' అనే మాట

నిరాకరణ స్వేచ్ఛ ఒక్కటే చాలదు. ఎవరూ నిరాకరించని, అందరూ మెచ్చిన సేవ కూడా ఒక హాని చేయగలదు. ఉపాధ్యాయుని ఖాళీని సంఘసభ్యురాలు చక్కగా నింపితే ఆ ఖాళీ ఖాళీగా కనిపించదు. తెలుగు రాష్ట్రాల విద్యాచరిత్రలో 'విద్యా వలంటీరు' అన్న మాట ఇందుకు హెచ్చరిక. స్వచ్ఛందసేవను సూచించే ఈ పదాన్ని ప్రభుత్వమే, నియమిత ఉపాధ్యాయునికి బదులు స్వల్ప పారితోషికంపై తాత్కాలికంగా తీసుకున్న నిరుద్యోగ యువతకు తగిలించింది. పనిచేసేవాని హక్కు, చదివేవాని హక్కు రెండూ ఆ తియ్యని మాట వెనుక మరుగయ్యాయి.

2022 మార్చి 8న వనపర్తిలో ప్రారంభమైన 'మన ఊరు – మన బడి' కార్యక్రమంలో 26,065 పాఠశాలలను మూడు దశలలో బాగుచేయడానికి 7,289 కోట్ల రూపాయల ప్రణాళిక ప్రకటించారు. భారీ విరాళాలిచ్చిన దాతల పేర్లు గదులకు, పాఠశాలలకు పెట్టే వీలు కల్పించారు. ఊరివారు బడిని తమదనుకోవడం మేలైన ఆశయం. అయితే పేరుకు వెల కట్టినప్పుడు గోడపైకి ధనవంతుని పేరే ఎక్కుతుంది. రోజూ బడి ఊడ్చే చేతికి, వారానికి ఒక గంట చదివించే గొంతుకు శిలాఫలకం ఉండదు. సంఘం పేరు కోరకుండా ఉండడం ఇక్కడ వినయం మాత్రమే కాదు. బడి ఎవరిదన్న ప్రశ్నకు సరైన సమాధానం.

విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడువంతుల సభ్యులు తల్లిదండ్రులు లేదా సంరక్షకులు ఉండాలి. సగం మంది మహిళలు కావాలి. బలహీనవర్గాల పిల్లల తల్లిదండ్రులకు తగిన ప్రాతినిధ్యం ఉండాలి. సంఘం తన సాయాన్ని ఈ కమిటీ ముందుంచి, ఏది కావాలో ఏది వద్దో వారితో చెప్పించుకొని, ఏ పని ప్రభుత్వం చేయవలసి ఉండి చేయలేదో రాతపూర్వకంగా నమోదు చేయిస్తే, సేవ హక్కుకు ప్రత్యామ్నాయం కాకుండా దానికి సాక్ష్యమవుతుంది. పెంటనుంచి వచ్చిన తల్లి ఆ కమిటీలో నోరు విప్పి 'ఇది మాకొద్దు' అనగలిగిన రోజు, సంఘం ఇచ్చిన నోటు పుస్తకాలకంటె విలువైనదేదో ఆ బడికి దక్కినట్లు.

ఇచ్చేవారెవరు?

దానమీమాంస సాధారణంగా దాతను సంపన్నునిగా ఊహిస్తుంది. పాలమూరు సంఘం ఆ ఊహకు లొంగదు. ఆ సంఘపు కానుక సంచిలో పడేది చాలావరకు కూలిడబ్బు. వంటకు తీసిన బియ్యంలోంచి పిడికెడు పక్కన పెట్టే స్త్రీల త్యాగం అందులో ఉంది. ఒకప్పుడు తాము పుచ్చుకున్నవారు నేడు ఇస్తున్నారు. మిషన్ బడి తమ తాతలకు అక్షరంతో పాటు ఋణభారాన్నీ ఇచ్చిందన్న ఎరుక వారికి సాధ్యం. ఆ ఎరుక ఉన్నవాడు చెంచు బాలునికి అక్షరాన్ని మాత్రం అందించి, భారాన్ని తనవద్దనే ఉంచుకోగలడు. దాని లేమి వల్ల, నిన్నటి పుచ్చుకున్నవాడు నేటి దాతగా పాత దాత హావభావాలనే అనుకరించే ప్రమాదమూ ఉంది.

తెలుగు వ్యవసాయ జీవనంలో దానానికి భిన్నమైన మరొక నీతి ఉంది. నాట్లకూ కోతలకూ ఒకరి చేనికి ఒకరు వెళ్లి పనిచేసే 'బదులు' పద్ధతి అది. వడ్డీలేని చిన్న అప్పుకు 'చేబదులు' అన్న పేరూ అదే మాటతో ఏర్పడింది. బదులులో ఎక్కువ తక్కువలు లేవు. నేడు నా చేను, రేపు నీ చేను. సంఘం పరిచర్యను దానంగా కాక బదులుగా భావించగలిగితే, చెంచుల నుంచి తాను పొందవలసినదేమిటన్న ప్రశ్న పుడుతుంది. చెట్టు, తేనె, దుంప, జంతువు జాడ గురించి ఆ పెద్దలకున్న జ్ఞానం బడిలోకి పాఠంగా రావచ్చు. చెంచు తాత ఒక పూట పిల్లలందరికీ, సంఘసభ్యుల పిల్లలతో సహా, గురువు కావచ్చు. పుచ్చుకునేవాడు ఇవ్వగలిగిన క్షణంలో ఋణం పొరుగుతనంగా మారుతుంది.

హైమెన్‌డార్ఫ్ 1943లో ఆదిలాబాద్ ప్రాంతపు మార్లవాయిలో ఆరంభించిన గోండు విద్యాపథకం ఈ సందర్భంలో స్మరణీయం. గోండు యువకులనే ఉపాధ్యాయులుగా తయారుచేయడం, గోండీ భాషలో వాచకాలు రూపొందించడం అందులోని ముఖ్యాంశాలు. బయటివాడు బోధకుడుగా స్థిరపడడం అక్కడి లక్ష్యం కాదు. తన అవసరం తీరిపోయే రోజును తానే దగ్గరకు తెచ్చుకోవడం విద్యాసేవకు తగిన గమ్యం.

ఉపసంహారం

సర్కారు బడికి క్రైస్తవ సంఘం చేసే సేవను అనుమానంతో తిరస్కరించడం, ఉద్దేశం మంచిదన్న ఒక్క కారణంతో నిర్విమర్శగా స్వీకరించడం రెండూ పిల్లవానిని మరచిన వైఖరులు. మొదటిది అతని నేటి అవసరాన్ని మరుస్తుంది. రెండవది అతని రేపటి స్వాతంత్ర్యాన్ని మరుస్తుంది. నిరాకరించినవానికి నష్టం లేకపోవడం, తల్లిదండ్రుల కమిటీకి జవాబుదారీగా ఉండడం, ప్రభుత్వ బాధ్యతను కప్పిపుచ్చకుండా వెలికితీయడం, పుచ్చుకునేవారిని ఇచ్చేవారుగా గుర్తించడం అనే హద్దులలో సాగే పరిచర్యకు మతం అడ్డు కాదు, ఆధారం కూడా కావచ్చు. ఆ హద్దులు దాటిన సేవకు ఏ మతమూ సమర్థన కాజాలదు.

అమ్రాబాద్ పిల్లవాడు చదువుకొని పెద్దవాడైనప్పుడు ఏ దేవుణ్ణి కొలుస్తాడో, అసలు కొలుస్తాడో లేదో, నిర్ణయించవలసినవాడు అతడే. తనకు వాచకం చదివించిన పొరుగువారిని దారిలో కలిసినప్పుడు తలవంచుకోకుండా పలకరించగలగడం అతని చదువులో భాగం. అట్లా పలకరించగల స్థితిలో అతన్ని నిలిపిన సేవకే 'ధర్మం' అన్న మాట తన మొదటి అర్థంలో చెల్లుతుంది.